ఐదు చలికాలాలు

విట్బీ
9 అక్టోబరు 2007

ప్రియమైన వదినా,

ఫోన్ చేస్తే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. నా ఏడుపు నీకు కొత్తేమీ కాదు, నలభై ఏళ్ళుగా వింటున్నావు. కానీ ఏడుస్తూ మాట్లాడితే అసలు సంగతి పక్కకు పోతుంది.

ఇవాళ పొద్దున పోస్టులో లాయరు దగ్గర్నుంచి మందపాటి కవరొకటి వచ్చింది. నీ తమ్ముడు విడాకులు కావాలంటున్నాడు. ఆ మాట నన్నేమీ పడగొట్టలేదు. ఎనిమిదేళ్ళుగా నేను ఈ సముద్రం ఒడ్డున, అతను ఆ సముద్రం ఒడ్డున ఉంటున్నాం. ఎప్పుడో ఒకప్పుడు ఈ కాగితం వస్తుందని అనుకుంటూనే ఉన్నాను. నన్ను పడగొట్టింది వేరే. లోపలి పేజీలో "భార్యాభర్తలు విడిపోయిన తేదీ" అని ఉంది. దాని ఎదురుగా "సెప్టెంబరు 1994" అని రాసి ఉంది.

తొంభై నాలుగట, వదినా!

ఆ సెప్టెంబరు పొద్దున నాకు బాగా గుర్తుంది. తెల్లవారుజామునే లేచి నాలుగు గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టాను. ఫ్లాస్కులో టీ పోశాను. పడమటి తీరాన మోర్కమ్ సముద్రపు రోడ్డు మీద ఎవరో మూసేస్తున్న ఐస్‌క్రీం కొట్టు తీసుకుని, వచ్చే వేసవికి బాగుచేసుకుందామని వెళ్ళాడు. "ఇక్కడ రెండు ఐస్‌క్రీం బండ్లతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం ఎనిడ్? ఒక్క ఏడాది చూద్దాం," అన్నాడు. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. అతను కారు దాకా వెళ్ళి, కళ్ళజోడు మరిచిపోయానని వెనక్కొచ్చి, రెండోసారి కూడా ముద్దు పెట్టి వెళ్ళాడు. విడిపోయి వెళ్ళే మనిషి అలా చేస్తాడా? అది విడిపోవడమే అయితే, దానికి దారిబత్తెం కట్టి పంపింది నేనే.

నవంబరులో తిరిగొచ్చాడు. ఆ ఏడే కాదు, వరసగా ఐదేళ్ళు. చలికాలంలో ఐస్‌క్రీం తినేదెవరు? కొట్టు మూసి, సామాను కారులో వేసుకుని ఇంటికొచ్చేవాడు, మార్చి దాకా ఉండేవాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తయ్య, "ఏరా వలస పిట్టా, చలేసిందా? ఇల్లు గుర్తొచ్చిందా?" అనేది. నువ్వు కూడా విన్నావు.

ఈ కాగితాల సంగతి నీకు ముందే తెలుసా? తెలిసినా ఏమీ అనుకోను. తెలిసి తెలియదని మాత్రం అనకు.

నీ
ఎనిడ్

గ్రేంజ్
17 అక్టోబరు 2007

ఎనిడ్‌కి,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను. మోకాళ్ళు మళ్ళీ మొదలెట్టాయి. డాక్టరు నడవమంటాడు, మెట్లు దిగొద్దంటాడు. మెట్లు దిగకుండా ఎక్కడ నడవాలో ఆయనే చెప్పాలి.

ఇక్కడ సముద్రం ఇంకా వెనక్కి పోయింది. నేను కొత్తగా వచ్చినప్పుడు అలలు గోడ దాకా వచ్చేవి. ఇప్పుడు అక్కడ గడ్డి మొలిచి గొర్రెలు మేస్తున్నాయి. రోజూ వాటిని చూస్తూ కూర్చుంటే పాత సంగతులన్నీ కళ్ళ ముందుకొస్తాయి. నిన్న మన ఫైలీ గుర్తొచ్చింది. సెలవుల శిబిరం వంటగదిలో నువ్వూ నేనూ ఎదురెదురుగా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాం. నీకు పంతొమ్మిది, నాకు ఇరవై రెండు. నీ చేతులు మంచు గడ్డల్లా ఉన్నా పాటలు మాత్రం ఆపేదానివి కావు. ఆదివారం మా ఇంటికి టీకి రమ్మని పిలిచాను. మా క్లిఫ్ ఇంజను నూనె చేతులతో లోపలికొచ్చి, నిన్ను చూసి, ఆ చేతులు వెనక్కి దాచుకున్నాడు. అమ్మ అప్పుడే నాతో గొణిగింది: "వీడు తనంతట తాను చేతులు కడుక్కుంటే ఈ పిల్ల మనింటికి వచ్చినట్టే." వాడు వెళ్ళి కడుక్కొచ్చాడు.

ముందే తెలుసా అని అడిగావు. వాడేవో కాగితాలు పెడుతున్నాడని తెలుసు. అంతవరకే.

నా మాట విను. వాడికి అరవై దాటాయి. ఉన్నవాటికి ఒక దారి చూపించుకోవాలనుకుంటున్నాడు. కోర్టులెందుకు, లాయర్లెందుకు? ఇల్లు మీ ఇద్దరి పేరునా ఉంది కాబట్టి అమ్మి చెరి సగం తీసుకోండి. తేదీ ఏదైతేనేం? అది కాగితం మీది మాట. కలిసి బతికినది ఎవరూ తీసుకుపోలేరు కదా.

చలి ముదరకముందే బాయిలరు చూపించుకో.

ఆశీస్సులతో
మ్యూరియల్

విట్బీ
30 నవంబరు 2007

వదినా,

తేదీ ఏదైతేనేం అన్నావు. లాయరు దగ్గరికి వెళ్ళాను. మిస్ కౌలింగ్ అని, మన అమ్మాయి జానిస్ కంటే చిన్నది. కోటు నిండా కుక్క వెంట్రుకలే. కానీ మాట మాత్రం సూటిగా ఉంటుంది. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"విడాకులకైతే ఏ తేదీ అయినా ఒకటేనండీ. ఐదేళ్ళు విడిగా ఉంటే చాలు, మీరు ఒప్పుకోకపోయినా వస్తాయి. ఆస్తుల దగ్గరే తేదీతో పని. పెద్ద వయసులో ఇద్దరికీ తల దాచుకునే చోటుందా, తిండికి లోటు లేకుండా ఉంటుందా అని కోర్టు ముందు చూస్తుంది. ఆ తర్వాత, కలిసి బతికిన రోజుల్లో కూడబెట్టింది ఇద్దరిదీ అంటుంది. విడిపోయాక ఒకరు సొంత కష్టంతో సంపాదించుకున్నది వాళ్ళదేనని వాదించుకోవచ్చు. మోర్కమ్‌లో మీవారి ఐస్‌క్రీం ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు?"

"తొంభై ఏడులో," అన్నాను.

పెన్ను కింద పెట్టి నా వంక చూసింది. "అదీ సంగతి," అంది.

చూశావా? తొంభై నాలుగులో విడిపోతే ఫ్యాక్టరీ ఒక్క క్లిఫ్‌దే. నాకు మిగిలేది ఈ ఇంట్లో సగం. అంటే ఇల్లు అమ్మాలి. మా ఐస్‌క్రీం పుట్టింది ఈ ఇంటి నేలమాళిగలోనే. డెబ్బై ఒకటిలో నేను కడుపుతో ఉండి పాలూ గుడ్డుసొనా కలిపి గంటలకొద్దీ తిప్పుతుంటే, అతను పక్కన ఐసు పగలగొట్టేవాడు. మొదటి వారం చేసిందంతా ఇసక నమిలినట్టుండేది. దాన్ని పక్కింటి కుక్కకు పెట్టాం, అది కూడా వాసన చూసి వెళ్ళిపోయింది. ఆ రోజు నవ్విన నవ్వుకు జానిస్ అప్పుడే పుట్టేస్తుందేమోనని భయపడ్డాను.

ఇంకో సంగతి. జానిస్ మొన్న హల్ నుంచి వచ్చింది. లొరెయిన్ అనే ఆవిడ సంగతి దాచలేక చెప్పేసింది. ఊలు దారాల కొట్టు నడిపే విధవరాలట. నాలుగేళ్ళుగా స్నేహమట. క్లిఫ్ ఆమెను పెళ్ళి చేసుకుంటాడట. ఆదివారాలు ముగ్గురూ కలిసి భోంచేస్తారని కూడా చెప్పింది. మూడో మనిషివి నువ్వట!

తెలిసి తెలియదని మాత్రం అనకు అని మొదటి ఉత్తరంలోనే అడిగాను. నువ్వు తెలియదని అనలేదు. మోకాళ్ళ గురించి రాశావు, గొర్రెల గురించి రాశావు.

ఎనిడ్

గ్రేంజ్
12 డిసెంబరు 2007

ఎనిడ్‌కి,

తిట్టు. నువ్వు తిట్టాల్సిందే, నేను పడాల్సిందే.

లొరెయిన్ చెడ్డ మనిషి కాదు. ఇలా రాస్తే నీకు ఇంకా మండుతుందని తెలుసు. ఆదివారం భోజనానికి పిలుస్తారు, వెళ్తాను. వెళ్ళకపోతే సోమవారం దాకా నేను మాట్లాడేది రేడియోతోనే. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. నీలాగా హల్ నుంచి వచ్చే కూతురు లేదు నాకు. ఉన్నదల్లా ఈ తమ్ముడొక్కడే.

నీకు ముందే చెప్పాల్సింది. చెప్పాలని మూడుసార్లు మొదలెట్టాను కూడా. నువ్వు ఇంకా నా తమ్ముడి పెళ్ళాంగానే ఉన్నావని అనుకోవడం నాకు బాగుండేది. ఆ మాట చెప్తే అది పోతుందని భయం.

తేదీల గురించి మాత్రం నన్నడగకు. నాకు తేదీలు గుర్తుండవు. ఏ ఏడాది ఏం జరిగిందో కలగాపులగం అయిపోయింది. ఇంకో సంగతి, నేనుండే ఇల్లు నాది కాదు. క్లిఫ్ కంపెనీ పేరున ఉంది. వాడు నన్నుండమంటే ఉంటున్నాను. ఇది నీకు తెలిసిన సంగతే. ఎందుకు రాశానో నాకే తెలియదు.

క్రిస్మస్‌కి ఎప్పటిలాగే ఊలు మేజోళ్ళు పంపుతున్నాను. వేసుకోకపోయినా ఫరవాలేదు, వెనక్కి మాత్రం పంపకు.

మ్యూరియల్

విట్బీ
4 ఫిబ్రవరి 2008

శ్రీమతి మ్యూరియల్ ప్రెస్కాట్ గారికి,

మీకు తేదీలు గుర్తుండవని రాశారు. క్లిఫ్ లాయరు పంపిన కాగితాల్లో మీ వాంగ్మూలం చూశాను. నవంబరులో సంతకం పెట్టారు. అంటే డిసెంబరులో నాకు ఉత్తరం రాసేటప్పటికే పెట్టేశారు. అందులో తేదీలు మీకు చాలా బాగా గుర్తున్నాయి.

"1994 సెప్టెంబరు నుంచి నా సోదరుడు భార్యతో సంబంధం లేకుండా ఒంటరిగా జీవించాడు. చలికాలంలో విట్బీ వెళ్ళింది మా తల్లిని చూసుకోవడానికే."

తల్లిని చూసుకోవడానికట! అత్తయ్యకు పొద్దున ఏ మాత్ర, సాయంత్రం ఏ మాత్ర అన్నది మీ తమ్ముడికి చివరి దాకా తెలియదు. స్నానం చేయించింది నేను. చివరి ఏడాది మనిషిని గుర్తుపట్టలేక నన్ను "సిస్టర్" అని పిలుస్తుంటే, పలికింది నేను. అది గొప్ప అని రాయడం లేదు. ఆవిడ మీ అమ్మ అయినా నాకూ అమ్మే. కానీ ఆ ఐదు చలికాలాలకు అత్తయ్యను సాకుగా వాడుకుంటే ఆవిడ ఊరుకునేది కాదు.

తొంభై ఏడు క్రిస్మస్‌కి మీరూ ఇక్కడే ఉన్నారు. పండగ మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో రేడియో పెట్టాం. క్లిఫ్ నా చెయ్యి పట్టుకుని లేపాడు. అంట్ల తొట్టి దగ్గర్నుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గర్నుంచి తొట్టి దాకా డాన్సు చేశాం. చోటు అంతే ఉంది. అత్తయ్య చేతికర్రతో నేల మీద తాళం వేసింది. మీరు పుడ్డింగు తింటూ ఏమన్నారో మీకు గుర్తులేకపోతే నేను చెబుతాను: "ముప్ఫై ఏళ్ళ కాపురం చేసి ఇంకా ఈ సిగ్గులేని సరసాలేంటి, మొగుడూపెళ్ళాలు!"

ఒంటరిగా జీవించే మనిషిని ఎవరైనా అలా అంటారా?

ఫ్యాక్టరీ పోతే పోనివ్వండి. దాని సంగతి మిస్ కౌలింగ్ చూసుకుంటుంది. మీరు సంతకం పెట్టి కొట్టేసింది ఆ మధ్యాహ్నాన్ని. ఈ వయసులో నాకు వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఉన్నవి కొన్ని రోజులే. అవి అసలు జరగనే లేదని అంటున్నారు మీరు.

ఇకముందు ఏమన్నా ఉంటే లాయరు ద్వారా తెలియజేయగలరు.

ఎనిడ్ హార్‌గ్రీవ్

గ్రేంజ్
2 మార్చి 2008

ఎనిడ్,

"గారు" అని రాశావు. ఫైలీలో ఒకే మంచం మీద తలా తోకా అన్నట్టు పడుకున్న రోజుల్నుంచి ఇప్పటిదాకా నువ్వు నన్ను గారు అనలేదు. ఆ ఒక్క మాట చూసి ఉత్తరం మడిచి పెట్టేశాను. వారం తర్వాత గానీ మిగతాది చదవలేకపోయాను.

సంతకం పెట్టాను. నిజం. క్లిఫ్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "లాయరు టైపు చేశాడక్కా, చూసి సంతకం పెట్టు" అన్నాడు. చూశాను. ఇది ఇలా కాదేమో రా అన్నాను. "నువ్వు రోజూ చూశావా ఏంటి?" అన్నాడు. రోజూ చూడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం ఇల్లు. ఈ వయసులో ఇది పోతే ఎక్కడికి పోను? వాడు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నా అంతట నేనే భయపడి సంతకం పెట్టాను.

కిందటి గురువారం ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆఫీసులో కూర్చున్నాడు. తలుపు వేసి, నిలబడే చెప్పాను.

"క్లిఫ్, ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నాను. అందులో ఉన్నది నిజం కాదు."

"ఎనిడ్ ఉత్తరం రాసిందా?"

"రాసింది. రాయకపోయినా అది నిజమయ్యేది కాదు."

"నువ్వు ఎవరి అక్కవి?"

"నీ అక్కనే. కాబట్టే నీ మొహం మీద చెప్పడానికి రెండు బస్సులు మారి వచ్చాను. లేకపోతే ఒక స్టాంపు అంటించి ఊరుకునేదాన్ని."

లేచి నిలబడ్డాడు. "ఈ ఫ్యాక్టరీ నేను కట్టాను. ఇటుక ఇటుకా నేనే. అప్పుడు ఎనిడ్ ఎక్కడుంది?"

"మన అమ్మకి అన్నం తినిపిస్తోంది," అన్నాను. "నువ్వు ఏ చింతా లేకుండా ఇటుకలు పేర్చుకోగలిగింది అందుకే."

ఆ మాటకి వాడి మొహం మారిపోయింది. కోపం అనుకున్నాను. కాదు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి, ఎవరికీ తెలియకుండా ముక్కలు ఏరుతూ నాకు దొరికిపోయాడు. అప్పుడు పెట్టిన మొహమే మళ్ళీ పెట్టాడు.

"తొంభై నాలుగు అంటే ఒక్కసారి వెళ్ళిపోయిన వాడినవుతాను," అన్నాడు నెమ్మదిగా. "తొంభై తొమ్మిది అంటే, అమ్మ పోయేదాకా దాన్ని వాడుకుని, మట్టి ఇచ్చిన నెలకి వెళ్ళిపోయిన వాడినవుతాను. నువ్వైతే ఏది రాస్తావక్కా?"

వాడు శీతల గదిలో పనుందని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అరగంట చూసి బస్సెక్కాను.

ఇద్దరి లాయర్లకూ నేనే రాశాను. ఐదు చలికాలాల్లోనూ నా తమ్ముడూ, వాడి భార్యా ఒకే గదిలో, ఒకే కాపురంలో ఉన్నారని, నేను వెళ్ళిన ప్రతిసారీ కళ్ళారా చూశానని రాశాను. వంటింటి డాన్సు సంగతి కూడా రాశాను. నేనన్న మాటతో సహా.

ఈ ఆదివారం నన్ను భోజనానికి పిలవలేదు.

మ్యూరియల్

విట్బీ
12 మార్చి 2008

వదినా,

గారు తీసేశాను. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యగానే చెయ్యి లోపల పెట్టి వెనక్కి తీద్దామనిపించింది. చెయ్యి పట్టలేదు.

నువ్వు నీ తప్పు చెప్పావు కాబట్టి నాది కూడా చెబుతాను. లాయరుకు చెప్పలేదు, జానిస్‌కి చెప్పలేదు.

అత్తయ్య పోయిన ఏడు నవంబరులో క్లిఫ్ ఫోన్ చేశాడు. "ఈ చలికాలం ఇక్కడే పనుంది ఎనిడ్, రాలేనేమో," అన్నాడు. ఆ "ఏమో" అన్నాక కాసేపు ఆగాడు. నేను ఏదో అంటానని ఎదురు చూశాడు. నేను "సరేలే" అన్నాను. ఎందుకో తెలుసా? హాయిగా అనిపించింది. నాలుగేళ్ళు ఒక మనిషికి అన్నీ నేనే చేశాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఒక్క చలికాలం ఎవరికీ వండి పెట్టకుండా, ఎవరి బట్టలూ ఉతక్కుండా ఉందామనుకున్నాను. ఒక్కటంటే ఒక్కటే. తర్వాతి నవంబరు ఫోన్ చెయ్యలేదు. అప్పటికి రమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

విడిపోదాం అని మాలో ఎవరూ అనలేదు వదినా. అతను రాలేదు, నేను పిలవలేదు. జరిగిందంతా అంతే.

మేజోళ్ళు వేసుకునే రాస్తున్నాను.

నీ
ఎనిడ్

విట్బీ
19 జులై 2008

ప్రియమైన వదినా,

నిన్న యార్క్ కోర్టుకు వెళ్ళొచ్చాం. ముందు ఫలితం చెప్పేస్తాను, లేకపోతే ఆఖరి పేజీ ముందు చదువుతావు. రాజీ అయింది. ఇల్లు నాది. ఒక్క నా పేరునే. ఫ్యాక్టరీ క్లిఫ్‌దే, కానీ దాని విలువలో నా వాటా ఆరేళ్ళలో వాయిదాల మీద ఇస్తాడు. అతని పింఛనులో కొంత నా పేరుకు మారుతుంది. ఆ తర్వాత ఒకరినొకరం ఏమీ అడగకూడదు.

ఇప్పుడు మొదట్నుంచీ వినుకో.

జడ్జి గారు తీర్పు చెప్పలేదు. తేలకపోతే ఇంకో జడ్జి ముందుకు వెళ్ళాలట. ఈయన తన అభిప్రాయం చెప్పారంతే: "విడిగా ఉండటానికి నిర్ణయించుకున్నానని మనసులో అనుకోవడం వేరు, బతికిన తీరు వేరు. వేసవిలో పని కోసం ఒక ఊళ్ళో, చలికాలంలో ఒకే ఇంట్లో ఉన్న దంపతుల్ని విడిపోయారని నేను అనుకోలేకపోతున్నాను." నీ ఉత్తరాన్ని ఆయన రెండుసార్లు తిరగేశారు. డాన్సు దగ్గర మీసాల్లో నవ్వుకున్నారని మిస్ కౌలింగ్ అంటుంది, నేను చూడలేదు.

లాయర్లిద్దరూ మాట్లాడుకోవడానికి గదిలోకి వెళ్ళారు. వరండాలో బెంచీ మీద నేను, ఎదురు బెంచీ మీద నీ తమ్ముడు. కిటికీలోంచి కారు కనిపిస్తోంది. లొరెయిన్ అందులోనే కూర్చుని ఏదో అల్లుతోంది. పైకి రాలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది.

క్లిఫ్ ముసలాడైపోయాడు వదినా. నువ్వు వారం వారం చూసేదానివి కాబట్టి తెలియదు. కోటు భుజాల దగ్గర వదులైపోయింది. చాలాసేపు గోడ మీద నోటీసులు చదివాడు. తర్వాత లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"రైల్లో వచ్చావా?"

"బస్సులో."

"దారిలో మిట్టల మీద మంచు పట్టిందా?"

"జులైలో మంచేంటి క్లిఫ్?"

"అవును కదా," అన్నాడు. కోటు సర్దుకుని, "నేను రాసింది పూర్తిగా అబద్ధం కాదు ఎనిడ్. ఆ సెప్టెంబరులో వెళ్ళేటప్పుడు మళ్ళీ రాకూడదనే అనుకున్నాను. మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. నవంబరు వచ్చేసరికి ఒక్క మాట గుర్తులేదు. కారెక్కితే అది విట్బీ దారి పట్టింది," అన్నాడు.

ఇన్నాళ్ళూ నాకు తెలియని సంగతది. కాస్త నొప్పేసింది. కానీ వింతగా సంతోషం కూడా వేసింది. వెళ్ళిపోదామనుకున్న మనిషి ఐదుసార్లు తిరిగొచ్చాడు. రావాల్సిన మనిషి రావడం కంటే అదే ఎక్కువ కాదా?

"మరి ఆఖరికి ఎందుకు రాలేదు?" అని అడిగాను. తొమ్మిదేళ్ళ తర్వాత అడిగాను.

"నిన్ను చూస్తే సిగ్గేసేది. మా అమ్మకి నేను చెయ్యాల్సింది నువ్వు చేశావు. నీ చేతులు చూస్తే గుర్తొచ్చేది," అన్నాడు. ఆ తర్వాత, "నువ్వు రమ్మంటావేమో అని ఫోన్లో ఆగాను," అన్నాడు.

"తెలుసు," అన్నాను. "నాకప్పుడు అలసటగా ఉంది క్లిఫ్."

"ఉంటుంది," అన్నాడు.

అతను తన బెంచీకి తిరిగి వెళ్ళలేదు. లాయర్లు బయటికొచ్చి మమ్మల్ని పక్కపక్కన చూసి కంగారుపడ్డారు.

నేను రెండు కోరికలు కోరాను. ఒకటి, ఒప్పందంలో పైన ఒక వాక్యం రాయాలని: "భార్యాభర్తలు 1999 మార్చి వరకు కలిసి కాపురం చేశారు." క్లిఫ్ లాయరు, "లెక్క తేలిపోయింది కదండీ, ఈ వాక్యం ఇప్పుడెందుకు?" అన్నాడు. క్లిఫ్ అతని చేతి మీద చెయ్యి వేసి, "ఉండనివ్వండి," అన్నాడు.

రెండోది నీకు కోపం తెప్పిస్తుంది. నువ్వుండే ఇల్లు నువ్వు బతికున్నంత కాలం నీదేనని, ఎవరూ ఖాళీ చెయ్యమనకూడదని పక్కాగా రాసివ్వాలన్నాను. దానికి బదులు నా వాయిదాల్లో ఒక ఏడాదివి వదులుకున్నాను. మిస్ కౌలింగ్ నన్ను పక్కకు లాక్కెళ్ళి, "మీ మీద సాక్ష్యం చెప్పిన ఆవిడ కోసమా?" అంది. "అవును, ఆవిడ కోసమే," అన్నాను. ఇంకోసారి నువ్వు సంతకం పెట్టాల్సి వస్తే, భయంతో పెట్టకూడదని నా కోరిక.

నీ
ఎనిడ్

గ్రేంజ్
11 ఆగస్టు 2008

ఎనిడ్,

ఎవరు అడగమన్నారే నిన్ను? నీ డబ్బు వదులుకుని నాకు ఇల్లు రాయించడానికి నువ్వేమన్నా మహారాణివా? మూడు రోజులు కోపంతో ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరూ లేరనుకో, అది వేరే సంగతి.

కాగితం వచ్చింది. క్లిఫ్ తనే తెచ్చాడు. మార్చి తర్వాత నా గుమ్మం తొక్కడం అదే మొదలు. బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, టోపీ చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. నేను టీ పెట్టాను. రెండు కప్పులు తాగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "నువ్వు ఇల్లు పోతుందనుకున్నావా అక్కా? నిజంగా అనుకున్నావా?" అని అడిగాడు. అనుకున్నానన్నాను. వాడు నా వంక చూసిన చూపు రాయలేను. "నీకు అలా అనిపించే మనిషినయ్యానా నేను?" అన్నాడు. తర్వాత, ఆదివారం రమ్మన్నాడు.

వెళ్ళాను. ఈసారి దాచకుండా నీకు నేనే చెబుతున్నాను చూడు.

మ్యూరియల్

విట్బీ
25 సెప్టెంబరు 2008

వదినా,

విడాకుల ఆఖరి కాగితం ఇవాళ వచ్చింది. ఒక్క పేజీ. మా పెళ్ళి పత్రం కంటే పలచగా ఉంది. నలభై ఏళ్ళ పెళ్ళి. దాన్ని రెండుసార్లు చదివి, గిన్నెలు కడిగి, మళ్ళీ చదివాను.

మిస్ కౌలింగ్‌కి ఫోన్ చేసి, "మరి ఆయన అక్క నాకేమవుతుంది?" అని అడిగాను. వేళాకోళం అనుకుని నవ్వింది. తర్వాత, "చట్టం ప్రకారం ఏమీ కారండీ," అంది.

సముద్రం వైపు గదికి సున్నం వేయించాను. పరుపు కొత్తది. మెట్లు పద్నాలుగు, కానీ పక్కన కమ్మీ పెట్టించాను. ఒక నెల వచ్చి ఉండు. ఏమీ కాని మనిషిని ఏమని పిలవాలో నాకు తెలియదు, వచ్చి నువ్వే చెప్పు.

ఎనిడ్

గ్రేంజ్
29 సెప్టెంబరు 2008

ఎనిడ్,

పద్నాలుగో తేదీ మంగళవారం వస్తున్నాను. లంకాస్టర్‌లో ఒక రైలు, లీడ్స్‌లో ఒకటి, మిడిల్స్‌బరోలో ఒకటి మారాలి. క్లిఫ్ కారులో దింపుతానన్నాడు, వద్దన్నాను. లంకాస్టర్ దాకా పెట్టె మోసుకొస్తానంటే సరేనన్నాను.

సాయంత్రం నాలుగుకి దిగుతాను. ఆ చిన్న రైలు మెట్టు మరీ ఎత్తు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి అందించు.

నీ
వదిన